కర్నూల్లో మూడు రోజులు

మా నాన్న చెప్పులు వేసుకునే ముందు ఒకటికి రెండుసార్లు నేలకేసి తట్టేవారు. బూట్లయితే బోర్లించి, మడమ మీద అరచేత్తో కొట్టి, లోపలికి తొంగి చూసి, అప్పుడు కాలు పెట్టేవారు. మేముండేది హైదరాబాద్‌లో మూడో అంతస్తు. అక్కడికి తేలూ రాదు, జెర్రీ రాదు. అయినా వాకర్ పట్టుకుని నడిచే ఆఖరి రోజుల్లో కూడా నన్ను పిలిచి, "ఆ చెప్పులు ఓసారి దులిపి ఇవ్వమ్మా" అనేవారు. ఎందుకు నాన్నా అంటే "కర్నూలు అలవాటు" అనేవారు, అంతే.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఆ రోజుల్లో స్టీలు గిన్నె కొంటే కొట్టులోనే పేరు కొట్టించుకునేవాళ్లం కదా. అమ్మ తన సామానంతా అలాగే పేరు కొట్టించుకునేది. నాన్న మాత్రం తన వస్తువులకు తనే మేకు మొనతో ఒక గుర్తు గీసుకునేవారు. నాలుగు నిలువు గీతలు, వాటి కింద ఏడు చుక్కలు. ఆయన ఇత్తడి చెంబు అడుగున, టిఫిన్ క్యారియర్ మూత మీద, గొడుగు పిడి మీద, అన్నిటి మీదా అదే గుర్తు. మా చిన్నప్పుడు అన్నయ్యా నేనూ అది ఏ దేవుడి ముగ్గో అనుకునేవాళ్లం.

నాన్న 2004 ఫిబ్రవరిలో పోయారు. ఆ ఏడాది ఆగస్టులోనే కృష్ణా పుష్కరాలు వచ్చాయి. అన్నయ్య బెజవాడ వెళ్లి పిండప్రదానం చేసి వచ్చాడు. తర్వాత నాన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున, పరిచిన పేపరు కింద, ఒక పోస్టుకార్డు దొరికింది. 1954లో నాన్న తెనాలిలో ఉన్న మా నాయనమ్మకు రాసింది. "ఇక్కడ ఎండలు ముదిరినవి. డేరాలో మధ్యాహ్నం పూట కూర్చోలేము. ఆరోగ్యమునకు ఏమియు కొదవ లేదు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు." అంతే రాశారు. పైన మూల మీద తేదీ, కర్నూలు అన్న మాట, డేరా నెంబరు.

ఆ కార్డు నా హ్యాండ్‌బ్యాగులో మూడు నెలలు తిరిగింది. చివరికి నవంబరులో, కార్తీకమాసంలో, నేనొక్కదాన్నే కర్నూలు వెళ్తానన్నాను. అప్పటికి నాకు నలభై ఏళ్లు. పదహారేళ్లుగా టీచరు ఉద్యోగం చేస్తున్నాను. కానీ ఒక్కదాన్నే ఎక్కడికీ వెళ్లి రెండు రాత్రులు ఉన్నది లేదు. మా ఆయన "నేనూ వస్తా, శని ఆదివారాలు కలిసొచ్చేలా చూద్దాం" అన్నారు. ఈసారికి నన్ను వదిలెయ్యండి అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా టికెట్ తెచ్చి ఇచ్చారు. అందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే బయలుదేరింది. గద్వాల దాటాక నేల రంగు మారింది. నల్లరేగడి, మధ్యలో జొన్నచేలు, అక్కడక్కడా బండరాళ్లు. కాసేపటికి బండి వంతెన మీదికి ఎక్కింది. కింద తుంగభద్ర. నీళ్లు తక్కువగా, రాళ్ల మధ్య పాయలు పాయలుగా పారుతోంది. ఎదురు సీటులో ఒకావిడ కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

ఈ ఊరికి ఆ పేరు రావడం వెనక ఒక కథ ఉంది. అలంపురంలో గుళ్లు కట్టేటప్పుడు రాళ్లు తోలే బళ్లు తుంగభద్ర దాటబోయే ముందు ఈ ఒడ్డున ఆగేవట. బండి చక్రాలకు ఇక్కడ కందెన రాసుకుని నది దాటేవారట. కందెన వేసే చోటు కాబట్టి కందెనవోలు, అది కందనవోలై, కర్నూలైంది. ఈ కథ నాన్న ఎన్నిసార్లు చెప్పారో. "బండి ఆగి కందెన రాసుకుపోయే ఊరమ్మా అది. మేమూ అలాగే ఆగాం, మూడేళ్లు" అనేవారు.

నాన్న 1951లో మద్రాసులో, సచివాలయంలో గుమాస్తాగా చేరారు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచారు. ఆ తర్వాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు అన్నారు. మద్రాసు మనకు దక్కలేదు. కోస్తా వాళ్లకూ సీమ వాళ్లకూ 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని సీమకు వచ్చింది. కానీ ఊళ్లో కచేరీలకు భవనాలు లేవు, ఉద్యోగులకు ఇళ్లు లేవు. అందుకని డేరాలు వేశారు. ఇరవై మూడేళ్ల మా నాన్న ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, ఆ ఇత్తడి చెంబు తీసుకుని మద్రాసు నుంచి వచ్చి ఒక డేరాలో దిగారు. ఒక్కో డేరాలో ముగ్గురో నలుగురో. రాష్ట్రమంతా ఫైళ్లలో ఉంది, ఆ ఫైళ్లు డేరాల్లో ఉన్నాయి అనేవారు నాన్న. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో గర్వమే వినిపించేది తప్ప కష్టపడ్డామన్న బాధ ఎప్పుడూ వినిపించలేదు.

స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కి ఒక లాడ్జికి వెళ్లాను. కౌంటరు దగ్గర కుర్రాడు నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి, "సింగిల్ లేడీస్‌కి రూమ్ ఇవ్వం మేడమ్" అన్నాడు. ఐడీ కార్డు చూపించాను. చూడనన్నాడు. రెండో చోటా అదే మాట. మధ్యాహ్నం ఎండలో బ్యాగు పట్టుకుని రోడ్డు మీద నిలబడితే ఏడుపు వచ్చినంత పనైంది. డబ్బుండి, ఉద్యోగముండి, నలభై ఏళ్లు వచ్చిన మనిషికి ఒక రాత్రి తలుపేసుకుని పడుకోవడానికి చోటివ్వకపోవడం ఏం న్యాయం? ఇన్నేళ్లయినా ఆ కోపం నాకు తగ్గలేదు. మూడో చోట కౌంటరులో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. "ఒక్కదానివే వచ్చినావా, ఏం పని మీద?" అని అడిగింది. మా నాన్న పనిచేసిన ఊరు చూద్దామని అన్నాను. తాళంచెవి తీసి చేతిలో పెట్టి, "పైన గది వద్దు, నా గది పక్కనే ఉంది, ఆడ ఉండు" అంది.

ఆ సాయంత్రం కొండారెడ్డి బురుజు ఎక్కాను. కర్నూలు కోటలో మిగిలిన ముక్క అది. విజయనగర రాజుల కాలం నాటిది. అలంపురం కొండారెడ్డిని అందులో బంధించారని, లోపలి సొరంగం తుంగభద్ర కింద నుంచి గద్వాల కోట దాకా పోతుందని ఊళ్లో చెప్పుకుంటారు. నాకు ఆ సొరంగం మీద ధ్యాస లేదు. పైకెక్కి నాలుగు వైపులా చూస్తూ, 1953లో ఇక్కడి నుంచి చూస్తే డేరాలు ఏ వైపు కనిపించేవా అని అంచనా వేసుకుంటూ నిలబడ్డాను. మసీదు మినారులు, సినిమా పోస్టర్లు, మిద్దెల మీద ఆరేసిన చీరలు, దూరంగా నది. డేరా ఆనవాలు ఎక్కడుంటుంది? గుడ్డ, తాడు, మేకులు. పీకేస్తే మర్నాటికి గడ్డి మొలుస్తుంది.

రెండో రోజు పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాణి తిన్నాను. మన వైపు మరమరాలు అనే వాటిని అక్కడ బొరుగులంటారు. నీళ్లలో ముంచి, రెండు చేతులతో పిండి, ఉల్లిపాయ పచ్చిమిర్చి తాలింపులో వేసి, పసుపు, పైన పప్పుల పొడి చల్లి కలుపుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. ఆ పొడి వాసన ముక్కుకు తగలగానే నాకు మా వంటింట్లో ఆదివారాలు గుర్తొచ్చాయి. నాన్న తనే స్టవ్ ముందు నిలబడి దీన్ని చేసేవారు. అమ్మ "మళ్లీ ఆ బొరుగులా" అని విసుక్కునేది. నలభై ఏళ్ల పాటు నేను మా నాన్న వంటకం అనుకున్నది ఈ ఊళ్లో ప్రతి బండి మీదా ఉంది. రెండో ప్లేటు కూడా తీసుకున్నాను.

ఆటో అతన్ని "రాజధాని ఉన్నప్పుడు డేరాలు వేసిన చోటు తెలుసా?" అని అడిగాను. అతనికి తెలియదు. కానీ "క్యాంపులంటే అవే కదా మేడమ్" అన్నాడు. నిజమే. ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు. కర్నూలు వాళ్లకు అవి మామూలు పేటల పేర్లు. బస్సు బోర్డుల మీద ఉంటాయి, పెళ్లి శుభలేఖల్లో ఉంటాయి. డేరాలు పోయి డెబ్బై ఏళ్లు కావస్తున్నా క్యాంపు అన్న మాట మాత్రం ఊరిని అంటిపెట్టుకుని ఉండిపోయింది. నన్ను సి క్యాంపులో దింపమన్నాను.

గవర్నమెంటు క్వార్టర్లు, వేపచెట్లు, సైకిళ్ల మీద బడికి పోయే పిల్లలు. ఒక చెట్టు కింద ఇస్త్రీ బండి. అరవై దాటిన పెద్దాయన బొగ్గుల పెట్టెతో చొక్కా కాలరు తిప్పి తిప్పి రుద్దుతున్నాడు. ఎదురుగా చాలాసేపు నిలబడ్డాననుకుంటాను.

"ఏం కావల్లమ్మా? ఎవురింటికి వచ్చినావు?"

చెప్పాను. డేరాలు అనగానే ఆయన ఇస్త్రీపెట్టె తీసి పక్కన ఇటుక మీద పెట్టాడు.

"ఆ మాట ఇన్నేండ్లలో ఎవురూ అడగలేదు తల్లీ. యా ఊరు మీది? మీ నాయన ఈడ పనిచేసినాడా?"

ఆయనకు అప్పుడు పదకొండేళ్లట. వాళ్ల నాన్న హంద్రీ నదిలో బట్టలుతికేవాడు. ఉతికిన మూటలు నెత్తిన పెట్టుకుని డేరా డేరాకు తిరిగి పంచడం ఈయన పని. "యాడ జూసినా గుడారాలే. గుంటూరు సార్లు, నెల్లూరు సార్లు, రాజమండ్రి సార్లు. మాకు సార్లందురూ ఒకే మాదిరి కనపడేవాళ్లు, తెల్లపంచె, తెల్లచొక్కా. గాలి లేచిందంటే సాలు, గుడారం తాళ్లు తెంపుకునేది. సార్లు కాగితాల ఎనక పరిగెత్తేవాళ్లు. మేమూ పరిగెత్తి ఏరిచ్చేవాళ్లం."

"తేళ్లు ఉండేవా?" అని అడిగాను.

"ఉండేవా అంటావేమ్మా! రాళ్లనేల గదా. రాత్రి ఇడిసిన చెప్పులో పొద్దున కాలు పెడితే అంతే. మా నాయన సార్లకు జెప్పేవాడు, తట్టి ఏసుకోండయ్యా, తట్టి ఏసుకోండయ్యా అని."

నేను తల వంచుకుని నా చెప్పుల వైపు చూసుకుంటూ ఉండిపోయాను. నాన్న చేతికి ఆ అలవాటు నేర్పిన మనిషి ఎవరో, పేరు కూడా తెలియని ఒక తండ్రి, హంద్రీ ఒడ్డున బట్టలుతుక్కుంటూ బతికినవాడు. ఆయన హెచ్చరిక మా ఇంట్లో యాభై ఏళ్లు నడిచింది.

అన్ని తెల్లపంచెల్లో ఎవరివి ఎవరివో ఎలా తెలిసేది అని అడిగాను. టీచర్ని కదా, నాకు అలాంటి ప్రశ్నలే వస్తాయి. ఆయన బండి కింద నుంచి ఒక డబ్బా తీశాడు. అందులో నల్లజీడి గింజలు. ఒక గింజను సూదితో గుచ్చి చూపించాడు. సూది మొనకు చిక్కటి నల్లటి రసం అంటుకుంది. దాంతో గుడ్డ అంచు లోపలివైపు గుర్తు పెట్టి, మీద కాస్త సున్నం అద్దితే, గుడ్డ చిరుగుతుంది గానీ గుర్తు చెరగదట.

"నాకు చదువు రాదు గదా. అక్షరం ఏస్తే నాకు తెల్దు. గుడారం మీద నెంబరు ఉండేది, దాని లెక్కన మా నాయన గీతలు, చుక్కలు పెట్టేవాడు. పదులకు గీత, ఒకట్లకు చుక్క. మీ నాయనది యా నెంబరు?"

పోస్టుకార్డు తీసి చదివాను. డేరా నెంబరు 47.

ఆయన వేలికి బొగ్గు మసి అద్దుకుని, పాత పేపరు ముక్క మీద నాలుగు గీతలు గీశాడు. కింద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నేను ఏడు దాకా ఆగలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇది మా ఇంట్లో చెంబు మీద ఉంది, క్యారియర్ మీద ఉంది, గొడుగు మీద ఉంది అని చెప్పడానికి నాకు మాట పెగల్లేదు. ఆయన కంగారుపడి, పక్క కొట్టు నుంచి టీ తెప్పించాడు. కుదుటపడ్డాక అంతా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా గుర్తు అంత దూరం పోయిందా" అన్నాడు.

నాన్నను ఆయన గుర్తుపట్టాడని నేను చెప్పను. పోలికలు చెప్పాను, ఫోటో చూపించాను. ఆయన కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, "తెల్దమ్మా, అందురూ ఉండ్రి" అన్నాడు. అబద్ధం చెప్పి నన్ను సంతోషపెట్టడం ఆయనకు తేలికే. చెప్పలేదు. అందుకే ఆయన మిగతా మాటలన్నీ నేను కళ్లు మూసుకుని నమ్మాను.

మధ్యాహ్నం వాళ్లింటికి రమ్మన్నాడు. పాత ఊళ్లో, హంద్రీ వైపు సందులో రెండు గదుల మిద్దె. ఆయన భార్య పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తోంది. వేడినీళ్లతో కలిపిన పిండిముద్దను పీట మీద పెట్టి, రెండు అరచేతులతో తడుతూ తిప్పుతుంటే రొట్టె తనంత తానే గుండ్రంగా సాగుతోంది. పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్లు పూసి, తిరగేసి, నిప్పుల మీద నిలబెడితే పూరీలా ఉబ్బింది. వేడి రొట్టె, చెనిక్కాయల పొడి, పచ్చి ఉల్లిపాయ, వంకాయ కూర. "పట్నమోళ్లకు గట్టిగా ఉంటుందేమో" అని ఆవిడ అడుగుతూనే మూడోది నా పళ్లెంలో వేసింది. వచ్చేటప్పుడు ఆ సందులో కిరాణా కొట్టు ఫోను నెంబరు రాసుకున్నాను. వాళ్లకు ఫోను లేదు.

అదే సాయంత్రం కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ, గట్టు మీద నడిచాను. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించిన కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలై కడప దాకా పోతుంది. సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా అనుకుని తవ్వారు. నాన్న ఈ కాలువలో స్నానం చేసి తడిబట్టలతో డేరాకు నడిచి వెళ్లేసరికి ఒంటి మీదే ఆరిపోయేవట. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రోజు రాత్రి డేరాల్లో ఎవరూ నిద్రపోలేదని, తెల్లారేదాకా ఈ గట్టు మీద గుంపులు గుంపులుగా కూర్చుని మాట్లాడుకున్నారని చెప్పేవారు. నేను ఒక చోట కూర్చున్నాను. ఆ చోటే అయ్యుండాలని లేదు.

మూడో రోజుకు రెండు ఊళ్లు అనుకున్నాను, బెలూం గుహలు, అలంపురం. రెండూ ఒకే రోజు కుదరవని లాడ్జి పెద్దావిడ చెప్పింది. స్కూలుకు ఇంకో రోజు సెలవు పెట్టి బెలూం కూడా చూసే వచ్చాను, కాబట్టి నిజానికి నాలుగు రోజులు. కానీ నా లెక్కలో కర్నూలు మూడు రోజులే. బెలూం గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. బనగానపల్లె మీదుగా వంద కిలోమీటర్లకు పైనే. చదునైన చేను మధ్యలో బావిలాంటి గొయ్యి, అందులోంచి మెట్లు. లోపల మూడు కిలోమీటర్లకు పైగా నీళ్లు తొలిచిన సున్నపురాయి దారులు. 1884లోనే బ్రూస్ ఫుట్ అనే సర్వేయరు వీటి గురించి రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచింది. జనానికి తెరిచింది 2002లో. పాతాళగంగ దగ్గర నీళ్లు చీకట్లోకి జారిపోతూ చేసే చప్పుడు బాగుంది. కానీ ఉక్కపోతకు తల తిరిగింది, మనసంతా సి క్యాంపులోనే ఉంది. బెలూంకు న్యాయం చెయ్యాలంటే ఇంకోసారి వెళ్లాలి.

అలంపురం మాత్రం మనసుకు హత్తుకుపోయింది. బస్సులో గంట లోపే. నవబ్రహ్మ ఆలయాలంటారు గానీ అన్నీ శివుడి గుళ్లే. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని తొమ్మిది పేర్లు. బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో మొదలుపెట్టి కట్టారు. మన వైపు గుళ్లకుండే గోపురాల్లా కాకుండా, ఉత్తరాది గుళ్లలా పైకి పోతూ లోపలికి ఒంగే శిఖరాలు. ఎర్రరాయి మీద ఉదయపు ఎండ పడి, శిఖరం మీది గూళ్లన్నీ ఒక్కొక్కటే తెరుచుకుంటున్నట్టు అనిపించింది. కార్తీకమాసం కావడంతో మెట్ల మీద ఉసిరికాయ దీపాలు, తడిచీరలతో ఆడవాళ్లు.

బాలబ్రహ్మ గుడిలో పూజారి గారు చెప్పిన సంగతి నన్ను కదిలించింది. జోగులాంబ అమ్మవారి అసలు గుడి పద్నాలుగో శతాబ్దంలో దండయాత్రలో కూలిపోయింది. అమ్మవారిని తెచ్చి బాలబ్రహ్మ గుడిలో ఉంచారు. అప్పటి నుంచి ఆరు వందల ఏళ్లు ఆవిడ అక్కడే ఉంది. నేను వెళ్లినప్పుడు పాత చోటే కొత్త గుడి కడుతున్నారు. పని చివరికొచ్చింది. మరుసటి ఏడు 2005లో అమ్మవారు తన ఇంటికి వెళ్లింది.

ఊళ్లోకి వచ్చే దారిలో సంగమేశ్వరాలయం ఉంది. అది ఆ చోట పుట్టిన గుడి కాదు. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర, కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. అక్కడి కాపలా మనిషిని "ఇన్ని రాళ్లు, ఏది ఎక్కడ పెట్టాలో ఎట్లా తెలిసింది?" అని అడిగాను. "నెంబర్లేసినారు మేడమ్, ప్రతి రాయికీ" అన్నాడు.

గుడి చుట్టూ తిరిగి గోడ దగ్గరికి వెళ్లి వెతికాను. నాకు నెంబరు ఏదీ కనిపించలేదు. రాయి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. ఎండకు రాయి వెచ్చగా ఉంది.

హైదరాబాద్ వచ్చాక నాన్న చెంబు తోమి, పూజగదిలో పెట్టుకున్నాను. అన్నయ్యకు ఫోన్ చేసి గుర్తు సంగతి చెప్తే అటువైపు నుంచి చాలాసేపు మాట రాలేదు. తర్వాత రెండు మూడు దసరాలకు కిరాణా కొట్టుకు ఫోన్ చేసి పెద్దాయనతో మాట్లాడేదాన్ని. "నలభై ఏడు నెంబరు పాప" అని పిలిచేవాడు.

2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. సెలవని ఇంట్లోనే ఉన్నాం. టీవీలో కర్నూలు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే విరుచుకుపడ్డాయి. బస్టాండులో బస్సులు మునిగి ఉన్నాయి. జనం మిద్దెల మీద నిలబడి హెలికాప్టర్ల వైపు చేతులు ఊపుతున్నారు. అలంపురం కూడా మునిగిందని స్క్రోలింగ్ వస్తోంది. హంద్రీ వైపు సందులు టీవీలో కనపడతాయేమోనని కళ్లప్పగించి చూశాను. మిద్దెల తలలే తప్ప సందులు లేవు. కిరాణా కొట్టు నెంబరుకు రోజూ చేశాను. మోగేది కాదు. తిండి సహించలేదు, టెన్షన్‌తో రాత్రిళ్లు లేచి కూర్చునేదాన్ని.

రోడ్లు తెరిచాక మా స్కూలు తరఫున బియ్యం, దుప్పట్లు, గిన్నెలు పోగుచేసి వ్యాన్‌లో పంపాం. నేను విడిగా ఒక మూట కట్టాను. రెండు దుప్పట్లు, రెండు చీరలు, పంచెలు, తువ్వాళ్లు. ఉత్తరం రాద్దామని కూర్చుని ఆగిపోయాను. చదివేదెవరు? నల్లదారం తీసి ప్రతి గుడ్డ అంచునా, లోపలివైపు, నాలుగు గీతలు, ఏడు చుక్కలు కుట్టాను. రాత్రి రెండయింది. వ్యాన్‌తో వెళ్లే మా స్కూలు అటెండరుకు ఆ సందు గుర్తులు చెప్పి, మనుషులుంటే ఇవ్వు, లేకపోతే వెనక్కి తీసుకురా అన్నాను.

మూట వెనక్కి రాలేదు. అటెండరు ఆ ఇంటికి చేరలేకపోయాడు, బురద తీస్తున్నవాళ్ల చేతికి ఇచ్చి, ఇంటి పెద్దాయన గుర్తులు చెప్పి వచ్చానన్నాడు. ఇంకో పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం పేపర్లు దిద్దుకుంటుంటే ఫోను మోగింది. కొత్త నెంబరు. అటువైపు ముందు దగ్గు, తర్వాత ఎవరిదో "గట్టిగా మాట్లాడు తాతా" అన్న మాట.

"నలభై ఏడు నెంబరు గుడ్డలు అందినాయి తల్లీ" అన్నాడాయన.